బెతుతుకు పోసిన నూనె

తెల్లవారేసరికే మెన్ ఆర్సన రోలు ముందు కూర్చుని చిన్నుల్లి, పసుపుకొమ్ము, కచ్చోరం, రొయ్యల ముద్ద కలిపి నూరుతోంది. మూడేళ్ల క్రితం వచ్చిన జ్వరం ఆమె ముక్కునూ నాలుకనూ చంపేసి పోయింది. ఆ సంగతి కోడలు కెర్తికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పూర్వీకుల గుడిలో నైవేద్యం పెట్టేదాకా వంట నోట పెట్టకూడదు గనుక, వండేవారికి వాసనే ఆధారం. మూడేళ్లుగా వాసన చూసేది కెర్తి, పేరు అత్తది.

"బెతుతుకు బాతును బాగా కడిగావా?"

"కడిగానత్తయ్యా. ఇంతకీ ఎవరొస్తున్నారు?"

"తిర్తి వాళ్ల అమ్మానాన్నా. ఆ పిల్లను మా ఆర్సనకు రెండో పెళ్లాంగా ఖాయం చేసుకోవడానికి." పొత్రం ఆగలేదు. "ఏడుపు ముఖం పెట్టకు. నిన్ను పొమ్మనడం లేదుగా. తొమ్మిదేళ్లు చూశాం. తొలిబిడ్డ పేరు పెట్టి ఊరంతా నన్ను మెన్ ఆర్సన, ఆర్సన తల్లి, అంటారు. నిన్నేమని పిలవాలే? ఎవరి తల్లివని?"

ముసలామె అటకమీది కొబ్బరినూనె కూజా దింపి కెర్తి ముక్కు కింద పెట్టింది.

"చూడు."

నూనె చెడిపోయింది. గుప్పున మక్కు కంపు.

"బాగుందత్తయ్యా," అంది కెర్తి.

ముద్దను ఆ నూనెలోనే వేయించారు. బాతు కడుపులో కూరి, అరటాకుల్లో చుట్టి, పోకమట్టలో బిగించి, నిప్పంటించిన ఊకలో పాతిపెట్టారు; బెతుతు అంటే ఇలా కాల్చిన బాతే. మధ్యాహ్నం దాకా ఊక నెమ్మదిగా కాలింది. అంతసేపూ కెర్తి పక్కనే కూర్చుని ఊక ఎగదోసింది.

పొద్దు వాలుతుండగా చుట్టాలు దిగారు. కెర్తి తొలి ముక్కను ఆకులో పెట్టి, పువ్వుతో పూర్వీకుల ముందుంచి వచ్చింది. తరవాతే విస్తళ్లు వేశారు.

మామగారు పన్ ఆర్సన మొదటి ముద్ద నమిలి, బయటికి ఉమ్మేశాడు.

"ఏమిటే ఇది? దీపం నూనెలో వండావా?"

మెన్ ఆర్సన కోడలి వైపు చూసింది. కోడలిది తప్పని చెప్పాలంటే, తనకు వాసన తెలియదని నలుగురిలో ఒప్పుకోవాలి.

"మాట్లాడవేం? నలభై ఏళ్లు వండిన చెయ్యి ఇదేనా? ముసలిదానివైపోయావు, పొయ్యి దగ్గర్నుంచి లే!"

కెర్తి మొగుడు ఆర్సన విస్తరిలోంచి తల ఎత్తలేదు. నలభై ఏళ్లు అడిగి అడిగి వడ్డించుకున్న పన్ ఆర్సనకు ఆమెను లేపేయడానికి ఒక్క ముద్ద చాలింది.

చుట్టాలు అలిగి వెళ్లిపోతారని, సంబంధం తప్పిపోతుందని కెర్తి ఆశగా చూసింది. తిర్తి తల్లి మాత్రం పకపకా నవ్వింది.

"పోనీలే అన్నయ్యా, ఆవిడనేం అంటావు! ఇంట్లో సరైన ఆడది లేకపోతే ఇంతే మరి. పెళ్లి పై నెలకి ఎందుకు, ఈ నెలలోనే కానిద్దాం. ఆ రోజు నుంచి మీ పొయ్యి మా తిర్తిదే. ఈ అత్తాకోడళ్లిద్దరూ కొట్టం ఊడ్చుకుంటూ హాయిగా ఉంటారు."

"అంతకంటేనా!" అన్నాడు పన్ ఆర్సన.

వాళ్లు వెళ్లాక వంటింట్లో ఇద్దరే మిగిలారు.

"నూనె చెడిందని నీకు తెలుసు కదే?"

"తెలుసు."

"నైవేద్యం కూడా అదే పెట్టావు. పోయిన మా అత్తగారి ముందు."

కెర్తి తల వంచుకుంది. పొద్దున అత్త తనను అన్న మాటా, ఇందాక మామ అత్తను అన్న మాటా ఒకటేనని ఆమెకు అప్పుడు తట్టింది: పనికొచ్చినంత కాలమే ఈ ఇంట్లో చోటు. దాన్ని మొదట తన మీద ప్రయోగించింది అత్త. తరవాత అత్త మీదికి ఉసిగొల్పింది తను.

మెన్ ఆర్సన మిగిలిన బాతును ముందుకు లాక్కుని ఒక్కొక్క ముక్కే తినసాగింది.

"తినకండత్తయ్యా, జబ్బు చేస్తుంది."

"నాకేం తెలుస్తుంది? బాగానే ఉంది." ఆమె కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా జారి విస్తట్లో పడుతున్నాయి. ఆ ఉప్పు కూడా ఆమెకు తెలియదు.

కెర్తి ఎదురుగా కూర్చుని విస్తట్లోంచి ఒక ముక్క తీసి నోట పెట్టుకుంది. కంపు ముక్కుపుటాలకెక్కింది. ఉమ్మలేదు. నమిలి, మింగి, ఇంకో ముక్క తీసుకుంది.