మూడున్నర కిలోలకు ముప్పై గ్రాములు తక్కువ

యల్మరి తన ఇరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఎవరితోనూ పోట్లాడి ఎరగడు. ఉత్తరాది మంచుదేశంలోని హోంకవార ఊరంతా కలిపినా నూట పన్నెండు గడపలు, చలికాలంలో అందులో సగానికి తాళాలే. పోట్లాడాలన్నా మనిషి దొరకాలి కదా! అలాంటివాడు ఆ జూలై మంగళవారం, పుస్తకాల బస్సు నడుపుకుంటూ వచ్చిన అమ్మాయితో, పేరైనా అడక్కుండా పావుగంట పోట్లాడాడు.

బస్సు పాతదే, డ్రైవరు కొత్త. వారానికోసారి వచ్చి యల్మరి వర్క్‌షాపు ఎదుట ఆగి, ఊరివాళ్ళకు పుస్తకాలిచ్చి పోవడం దాని పని. ఆ రోజు బస్సు దిగిన సాయిమి చేతిలో మాత్రం పుస్తకం లేదు, రైఫిల్ ఉంది. తిన్నగా లోపలికొచ్చి బల్ల మీద పెట్టింది.

“దీనికి కొత్త కర్ర చెయ్యాలి. ఇది నా ఒంటికి పడట్లేదు.”

అది బయాథ్లాన్ రైఫిల్. మంచులో స్కీల మీద కిలోమీటర్లకొద్దీ పరుగెత్తి, రొప్పుతూ వచ్చి, యాభై మీటర్ల దూరంలో ఉన్న ఐదు నల్లటి బిళ్ళలను పడగొట్టే ఆట. గొట్టం, ట్రిగ్గర్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటిని పట్టుకునే కర్ర మాత్రం ఒక్క మనిషి చెంపకు, అరచేతికి, భుజానికి సరిపోయేలా చెక్కాలి. యల్మరి తాత ఆ పనే చేసేవాడు, ఇప్పుడు యల్మరి చేస్తున్నాడు.

ఆమెను రైఫిల్ ఎత్తి నిలబడమని, చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, పెద్ద వైద్యుడిలా తేల్చేశాడు. కర్రలో లోపం లేదు, మీరే మెడ వంచుతున్నారు అన్నాడు. సాయిమికి మండింది.

“ఫోటోకి నిలబెట్టినట్టు నిలబెట్టి చూస్తే ఎవరి మెడైనా బాగానే ఉంటుంది. నేను గురిపెట్టేది ఊపిరి అందనప్పుడు. మీరు కొలవాల్సింది అప్పుడు.”

అలాగైతే మార్చాల్సింది ఊపిరిని గాని కర్రను కాదన్నాడు యల్మరి. మాటకు మాట పెరిగింది. చివరికి ఆమె చక్రాల స్కీలు కట్టుకుని, దమ్ముంటే టేపు పట్టుకుని వెంట రమ్మని, ఊరి వెనక కొండ రోడ్డెక్కింది. యల్మరికి పౌరుషం పొడుచుకొచ్చింది. బూట్ల తాళ్ళైనా సరిగ్గా కట్టుకోకుండా వెనకాలే పరుగెత్తాడు.

కొండ మీదికి చేరేసరికి సాయిమి రైఫిల్ భుజానికెత్తి సిద్ధంగా ఉంది. యల్మరి అడవిపళ్ళ పొదల్లో నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు.

“కొలవండి,” అంది.

లేచి టేపు పట్టుకున్నాడు గాని రొప్పుకు టేపు ఎగిరెగిరి పడుతుంటే అంకెలు ఎక్కడ కనబడతాయి? ఆమె ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేదు. కానీ ఆ కాస్త సేపట్లోనే అతను చూడాల్సింది చూశాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఆమె భుజం రెండు వేళ్ళంత లేస్తోంది, దానితోపాటు మెడ తిరుగుతోంది. తాత ముప్పై ఏళ్ళపాటు అందరినీ నింపాదిగా నిలబెట్టి కొలిచాడు. అదే పద్ధతని తానూ నమ్మాడు.

“మీరు చెప్పిందే నిజం. నాకు తెలీదు,” అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదేమో, నవ్వు మాని అతని వైపు కొంచెంసేపు చూసింది. దాచడమెందుకు, మనవాడు ఆ పొదల్లోనే పడిపోయాడు, ఇంక లేవలేదు.

తాత దాచిపెట్టిన అక్రోటు పలకను అటక మీంచి దించాడు. ప్రతి మంగళవారం పుస్తకాలిచ్చాక సాయిమి కొండెక్కి దిగి వచ్చేది. ఆ రొప్పులోనే అతను కొలిచేవాడు, చెక్కేవాడు. సెప్టెంబరుకల్లా ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. అక్టోబరు సగానికి రైఫిల్ ఎంత బాగా కుదిరిందంటే, క్లబ్బులో ఐదుకైదూ పడగొట్టానని ఆమే వచ్చి చెప్పింది. చెప్పాక ఇద్దరూ ఎందుకో దిగులుగా కాఫీ తాగారు.

రైఫిల్ పూర్తయితే ఇక రావడానికి పనేముంది?

మరుసటి మంగళవారం సాయిమి, పట్టు కొంచెం లావుగా ఉందేమో అంది. యల్మరి ఒక పొర తీశాడు. ఆ తర్వాతి వారం చెంప ఆనేచోట ఏదో గుచ్చుకుంటోందట. వేలు పెట్టి చూస్తే వెన్నముద్దలా ఉంది, అయినా ఇంకో పొర తీశాడు. అతను మాత్రం తక్కువ తిన్నాడా? వారం వారం ఏదో ఒకటి కావాలనే మిగిల్చేవాడు. ఈ అంచు రుద్దాలి, ఆ నూనె ఆరాలి, వచ్చే వారానికి చూద్దాం అనేవాడు. ఇద్దరిలో ఎవరి దొంగతనం ఎవరికీ తెలియదు.

తెలిసింది ఒక్క ఐలి మామ్మకే. యల్మరి నాయనమ్మ ఆమె. కిటికీ పక్కన కూర్చుని ఊలు అల్లుకుంటూ మొత్తం వ్యవహారం కనిపెడుతూనే ఉంది.

“మీ తాత చేపల పడవ మూడు వారాల్లో చేసి నీళ్ళలో దించాడు,” అందొక రోజు. “నువ్వు ఆ కర్రను నాలుగు నెలల్నించి గోకుతున్నావు. ఆ పిల్లకి చెప్పాల్సిందేదో చెప్పెయ్యరాదట్రా?”

“మంచి పనికి టైం పడుతుంది మామ్మా.”

“పడుతుంది, పడుతుంది. నాకు ఎనభై మూడు. ఆ లెక్క కూడా చూసుకో.”

ఇదంతా నవ్వులాటే గాని, దాని కింద ఒక సంగతి ఉంది. జనవరి చివరి ఆదివారం పెద్ద పందెం. అందులో మొదటి నలుగురినే జాతీయ జట్టు శిక్షణకు తీసుకుంటారు. సాయిమి ఒక ఏడాది ఆరో స్థానంలో వచ్చింది, మరుసటేడు ఐదో స్థానంలో. ఇప్పుడు ఇరవై తొమ్మిది దాటుతున్నాయి, ఇదే ఆఖరి సారని కోచ్ మొహం మీదే చెప్పేశాడట. రాకపోతే ఏముంది, బస్సు ఉండనే ఉంది అని తేలిగ్గా నవ్వేసింది గాని, చేతిలోని యాలకుల బన్ను కొరకడం మర్చిపోయింది. నా చేతిపనివల్లే ఈ పిల్ల గెలవాలి అని యల్మరి ఆ రోజు గట్టిగా అనుకున్నాడు.

పందేనికి మూడు వారాల ముందు అసలు గొడవ వచ్చింది. దక్షిణాన ఎవరో పనివాడున్నాడనీ, రెండు వారాల్లో రైఫిల్ చేతికిస్తాడనీ, అక్కడికి పొమ్మని కోచ్ పోరుతున్నాడనీ సాయిమి చెప్పింది. వద్దు, వెళ్ళకు అంటాడేమోనని చెప్పిన మాట అది. యల్మరి చెవికి మాత్రం సెలవు తీసుకుంటున్నట్టే వినబడింది. మాట్లాడటం రానివాళ్ళు ప్రేమలో పడితే ఇంతే, ఒకరు తలుపు తీశామనుకుంటారు, రెండోవాళ్ళకు అది మూసినట్టే కనిపిస్తుంది.

ఆ వారమంతా యల్మరి ఉక్రోషంతో పనిచేశాడు. ఆమె ఎప్పుడెప్పుడో అడిగినవన్నీ గుర్తుపెట్టుకుని మరీ చేశాడు. కర్ర మధ్యలో రెండు బెజ్జాలు తొలిచాడు, పట్టు ఇంకా సన్నం చేశాడు, నునుపుగా రుద్దాడు, నూనె పట్టించాడు. మంగళవారం రాగానే చేతిలో పెట్టాడు.

“అయిపోయింది. ఇంక నువ్వు రానక్కర్లేదు.”

ఆమెకు శ్రమ తప్పిద్దామనే అన్నాడు పాపం. సాయిమి “సరే” అని రైఫిల్ తీసుకుని వెళ్ళిపోయింది. మరుసటి మంగళవారం బస్సు అరగంట ఆగింది. ఆమె దిగలేదు, అతను బయటికి రాలేదు.

పందెం రోజు సున్నాకు పద్నాలుగు డిగ్రీలు కింద చలి. యల్మరి వెళ్ళనన్నాడు. ఐలి మామ్మ అతని నెత్తిన ఊలు టోపీ తొడిగి, ఆ పిల్ల కోసం కాదు, నీ పని ఎలా ఉందో చూసి రా అని వాకిట్లోకి నెట్టింది. వెళ్ళి, తనిఖీ బల్ల పక్కన కట్టిన తాడు అవతల, నలుగురి వెనక నిలబడ్డాడు. సాయిమి వరసలో ముందుకొచ్చి రైఫిల్‌ను కాటా మీద పెట్టింది.

రూలు చిన్నదే. రైఫిల్ మూడున్నర కిలోలకు తగ్గకూడదు. తగ్గితే పందెంలోకి రానివ్వరు.

కాటా దగ్గర కూర్చున్న తౌనో అనే పెద్దాయన అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

“మూడు కిలోల నాలుగువందల డెబ్భై. ముప్పై గ్రాములు తక్కువమ్మాయ్. దీంతో పరుగెత్తడానికి కుదరదు.”

సాయిమి మొహంలో రక్తం ఇంకిపోయింది. పందెం మొదలవడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలే ఉన్నాయి. యల్మరి తాడు కిందినుంచి దూరి వచ్చాడు.

“నేను చేశానండీ అది. తప్పు నాదే.”

“తూకం వెయ్యలేదా?”

“నవంబరులో వేశాను. మూడు కిలోల ఐదువందల అరవై ఉంది.”

“మరి తొంభై గ్రాములు ఏమయ్యాయి? చెదలు తిన్నాయా?”

యల్మరి నోరు తెరిచేలోపు సాయిమే చెప్పింది. “నేనే చెక్కించాను.”

“అంత అవసరమొచ్చిందా?”

వెనక వరసలో పదిమంది ఉన్నారు. సాయిమి తన చేతి తొడుగుల వైపు చూస్తూ మాట్లాడింది.

“అవసరం లేదు. రైఫిల్ అక్టోబరులోనే సరిపోయింది. ఆ తర్వాత చెప్పినవన్నీ... ఊరికే చెప్పాను. చెప్పకపోతే అక్కడికి వెళ్ళడానికి నాకు వేరే సాకు లేదు.”

యల్మరి నెత్తిమీది ఊలు టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

“నేనూ అంతే. అన్నీ ఒక్క రోజులో అయ్యే పనులే. నువ్వు మళ్ళీ రావాలని మిగిల్చేవాణ్ణి.”

తౌనో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. యాభై ఏళ్ళుగా కాటా దగ్గర కూర్చుంటున్నాడు గాని తొంభై గ్రాములకు ఇలాంటి లెక్క ఎవరూ చెప్పలేదు.

“మీ సంగతి మీరు తర్వాత చూసుకోండి,” అన్నాడు. “బరువు కర్రలో గట్టిగా బిగించి ఉండాలి. వేలాడదీస్తే ఒప్పుకోను. పద్దెనిమిది నిమిషాలు.”

యల్మరి జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవర్ ఉంది, స్క్రూలే లేవు. చుట్టూ చూశాడు. పదడుగుల దూరంలో, పందెం అయ్యాక అందరూ ఆవిరిస్నానం చేసి వెచ్చబడే సౌనా గది కనిపించింది. దాని తలుపు మడతబందులకు ఒక్కొక్కటి వేలంత పొడుగు స్క్రూలున్నాయి. ఈ దేశంలో చర్చి తలుపు విప్పినా ఊరుకుంటారేమో గాని సౌనా తలుపు జోలికి ఎవడూ పోడు. యల్మరి పోయాడు. ఆరు స్క్రూలు తీసి తలుపును గోడకు చేరేశాడు.

తర్వాతి పని కష్టం. భుజానికి ఆనే పలక విప్పి, ఆరు నెలలు కంటికి రెప్పలా చూసుకున్న ఆ అక్రోటు కర్రలోకి తుప్పు పట్టిన స్క్రూలు దించాలి. మొదటిది తిప్పుతుంటే సన్నగా పగిలిన చప్పుడైంది. అతని చెయ్యి ఆగింది.

“నేను బిగించనా?” అంది సాయిమి.

“వద్దు. నేనే.”

ఆరూ దించి, పలక బిగించి, కాటా మీద పెట్టాడు. మూడు కిలోల ఐదువందల ఆరు. తౌనో స్టిక్కరు అంటించి, సాయంత్రంలోగా ఆ తలుపు మళ్ళీ కనబడాలని మాత్రం అన్నాడు. సాయిమి రైఫిల్ వీపుకు తగిలించుకుని పరుగెత్తింది. ఇద్దరికీ ఒక్క మాటైనా మాట్లాడుకునే వ్యవధి దొరకలేదు.

పడుకుని కాల్చినప్పుడు ఐదూ పడ్డాయి. నిలబడి కాల్చడానికి వచ్చేసరికి ఆమె మూడో స్థానంలో ఉంది. మొదటి గుండు బిళ్ళ పైనుంచి పోయింది. వెనక బరువెక్కడంతో ముందు గొట్టం లేస్తోందని తాడు దగ్గరున్న యల్మరికి అర్థమైంది. ఆమెకు చెప్పే దారి లేదు. సాయిమి రైఫిల్ దించకుండా ఒక ఊపిరి తీసింది, ఇంకొకటి తీసింది. పక్కవాళ్ళు కాల్చి వెళ్ళిపోతున్నారు. కాస్త కిందికి గురిపెట్టి, తొందరపడకుండా మిగతా నాలుగూ కొట్టింది.

తప్పిన గుండుకు శిక్షగా ఒక చుట్టు తిరిగి బయలుదేరేసరికి ఐదో స్థానానికి జారింది. ఆఖరి ఎత్తు మీద నాలుగో అమ్మాయిని దాటింది. గీత దాటి మంచులో బోర్లా పడిపోయింది. మైకులో నాలుగో పేరుగా ఆమె పేరు చదివినప్పుడు యల్మరి టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది మరి.

గంట తర్వాత, ఎక్కడో సంపాదించిన స్క్రూలతో అతను సౌనా తలుపు బిగిస్తున్నాడు. వెనక నలుగురు తువ్వాళ్ళు చుట్టుకుని, త్వరగా కానియ్యమని గొణుగుతున్నారు. సాయిమి వచ్చి తలుపును రెండో వైపు పట్టుకుంది.

“వెనక బరువైపోయింది. కొంచెం సరిచెయ్యాలేమో,” అంది, తలుపు చెక్కను చూస్తూ.

మంగళవారం పట్రా అనే మాట యల్మరి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

“అక్కర్లేదు. రైఫిల్ బాగుంది. దాని మీద ఇంక నేను చెయ్యి వెయ్యను.”

ఆమె మొహం వాడిపోయింది. అతను గబగబా మిగతాది కూడా చెప్పాడు.

“నువ్వు రా. ఉత్త చేతుల్తో రా. పనేం ఉండదు. నువ్వంటే నాకిష్టం సాయిమీ, జూలై నుంచీ ఇష్టం.”

కొండెక్కి వచ్చినప్పటిలాగే సాయిమి భుజాలు లేస్తూ దిగుతూ ఉన్నాయి.

“మంగళవారం దాకా ఆగాలా?” అంది.

యల్మరి తలుపు వదిలేశాడు. ఆమె అంతకుముందే వదిలేసింది. తలుపు మంచులో పడింది, తువ్వాళ్ళవాళ్ళు ఏదో అరిచారు, ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు.