మూగనోము అనే వీరుడు

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. ముందు గదిలో మా ఓనరు కళ్ళు పరీక్ష చేసి నంబరు రాసిస్తే, వెనక గదిలో నేను అద్దాన్ని అరగదీసి ఫ్రేములో బిగిస్తాను. రోజంతా మిషను రొద, తడిసిన అద్దంపొడి వాసన. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాక మాత్రం, ఆడపిల్లనైనా, నేనొక వీరుణ్ణి.

నవ్వొస్తే నవ్వండి. మా అక్క కూడా నవ్వేది. ఆన్‌లైన్‌లో ఒక పాత ఆట ఉంది. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. ‘మీరు కోట గుమ్మం దగ్గర ఉన్నారు. తలుపు వెనక ఎవరో దగ్గుతున్నారు’ అని తెర మీద వస్తుంది. ‘తలుపు తెరువు’ అని మనం కొట్టాలి. అంతే. ఆ ఆటలో వెండిడాలు దళం అని మా దళం. ప్రమాణం చేసి చేరాం. తోటి వీరుడికి అబద్ధం చెప్పకూడదు, చీకటి గదిలో ఒంటరిగా వదిలి పారిపోకూడదు. ఒకరి మొహం ఒకరికి తెలీదు. నా పేరు నిప్పుకోడి. నిప్పులు కక్కే పక్షేమో అనుకుని పెట్టుకున్నాను. ఇసుకలో తల దూర్చే పక్షి అని తెలిసేసరికి అందరూ నన్ను ‘కోడీ’ అని పిలవడం మొదలుపెట్టేశారు. మా దళపతి ఎక్కడో లెక్కల మాస్టారట. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, ఆరేళ్ళుగా నాకు స్నేహితులంటే వాళ్ళే.

నాలుగు నెలల క్రితం పదకొండోవాడిగా మూగనోము అనే అతను చేరాడు. పేరుకి తగ్గట్టు మాట్లాడేవాడు కాదు. మేమంతా సాయంత్రాలు ఆడితే అతను మధ్యాహ్నాలు మాత్రమే వచ్చేవాడట. ఆ వేళ ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే చాటుగా ఉత్తరం పంపేవాడు. ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు? మీ తలుపు ఏ వైపుంది? పగలు గడియ వేసుకుంటారా?

ఇద్దరు వీరులు సరదాకి జవాబు చెప్పారు. ఆ ఇద్దరూ మళ్ళీ ఆటలోకి రాలేదు.

ఎవరికో పని పడింది, ఎవరికో విసుగు పుట్టింది అనుకుని మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత దళపతికి అనుమానం వచ్చింది. ఆట నడిపే ఆయన్ని బతిమాలి, మూగనోము ఏ ఇంటి కనెక్షన్ నుంచి వస్తున్నాడో కనుక్కున్నాడు. ఆ రోజు కోటలోని గుండ్రటి సభలో అందరినీ కూర్చోబెట్టి, నా పేరు పిలిచాడు.

అది మా ఇంటి కనెక్షనే.

రెండు పేర్లతో ఆడుతున్నావా అని ఒకరు, ఆ ఇద్దరినీ ఏం చేశావని ఇంకొకరు. నేను కాదని ఎన్నిసార్లు కొట్టానో. అక్షరాలకి ఏడుపు గొంతు ఉండదు కదా, ఎవరూ నమ్మలేదు. చివరికి దళపతి నిజం తేల్చి చెప్పమని రెండు రోజుల గడువిచ్చాడు.

కంప్యూటరు ఆపేసి అలాగే కూర్చున్నాను. ఇంట్లో ఉండేది ఇద్దరమే. నేనూ, మా అక్కా. అక్క ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ. పగలంతా ఇంట్లోనే నిద్రపోతుంది. అంటే, పోతున్నానని చెబుతుంది. ఆ మధ్య నా మొహంలోకి సూటిగా చూడటం మానేసింది. ఏదో అడగబోయి మింగేస్తోంది. రెండుసార్లు నా బ్యాగు వెతుకుతూ దొరికిపోయి, సేఫ్టీపిన్ను కోసం అంది. నన్ను పెంచిన మనిషిని అనుమానించడానికి మనసు రాలేదు. కానీ అనుమానించాను.

మర్నాడు షాపులో కడుపునొప్పని చెప్పి రెండున్నరకే ఇల్లు చేరాను. మబ్బు దట్టంగా పట్టి మెట్ల మీద లైటు వేసుకోవలసినంత చీకటిగా ఉంది. చప్పుడు కాకుండా తాళం తీశాను. అక్క గది తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో నా కంప్యూటరు ఆపేసే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుని, హాలు కనిపించేలా తలుపు సందు ఉంచి, ఫోన్లో ఆట తెరిచాను. అక్క లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, పట్టుకుంటాను.

మూడు దాటింది. ఫ్రిజ్ మోత ఆగిపోయింది. ఎక్కడినుంచో తడి గుడ్డ ముక్కిన వాసన.

మూడూ పదికి ఫోన్లో ఒక వరుస వచ్చింది. ‘మూగనోము కోటలోకి వచ్చాడు.’

హాల్లో కుర్చీ ఖాళీగానే ఉంది.

అప్పుడు వినిపించింది. టక్... టక్ టక్... అక్క గదిలోంచి. ఓహో, లోపల ఇంకొకటి పెట్టుకుందన్నమాట. భయం కాదు, ఒళ్ళు మండింది. విసురుగా వెళ్ళి తలుపు తోశాను.

మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టే ఉంది. కొక్కేనికి అక్క యూనిఫాం లేదు.

టక్... టక్...

ఇప్పుడు నా వెనక. హాల్లో.

ఫోను వెలిగింది. ‘మీ అక్క లేదు. డ్యూటీ పొడిగించారు.’

తిరిగి చూడకూడదనుకున్నాను. చూశాను. తెర నల్లగానే ఉంది. కుర్చీ మాత్రం కాస్త వెనక్కి జరిగి ఉంది. కీబోర్డు మీద కీలు... ఒక్కొక్కటే దిగుతున్నాయి... లేస్తున్నాయి. తీరిగ్గా. నేను కొట్టినట్టే, రెండు వేళ్ళతో.

‘కూర్చో కోడీ. ఐపోవచ్చింది.’

చెప్పులు కూడా వేసుకోలేదు. మూడంతస్తులు ఎలా దిగానో తెలీదు. వీధిలో మందుల షాపు ముందు నిలబడి అక్కకి ఫోన్ చేశాను. ఆసుపత్రిలోనే ఉందట. తడబడుతూ జరిగిందంతా చెప్పాను. అక్క మెల్లగా అడిగింది.

“అయితే రోజూ మధ్యాహ్నం హాల్లో టైపు కొట్టేది నువ్వు కాదా?”

నాకు ఉద్యోగం పోయిందనుకుందట. చెప్పుకోలేక, షాపుకని బయల్దేరి, తను పడుకున్నాక తిరిగొచ్చి కూర్చుంటున్నానని. జీతం చీటీ ఉందేమోనని నా బ్యాగు చూసిందట. అడిగితే బాధపడతానని నాలుగు నెలలుగా ఊరుకుంది.

“లేచి చూడలేదా అక్కా?”

“ఎందుకు చూస్తానే? గదిలోంచే పిలిచేదాన్ని. పలికేదానివి కదా... ఐపోవచ్చింది అక్కా, పడుకో అని.”

ఆ ఇంట్లో మళ్ళీ పడుకోలేదు. అక్క స్నేహితురాలి ఇంట్లో సర్దుకుని, సామాను పట్టపగలు నలుగురు మనుషుల్ని పెట్టి తెప్పించాం. కంప్యూటరు అక్కడే వదిలేశాం. జరిగిందంతా దళపతికి రాసి నా ఫోన్ నంబరు ఇచ్చాను. నమ్మాడో లేదో గానీ మూగనోము పేరు ఆటలోంచి తీయించేశాడు. దళం అంతా నాకు క్షమాపణ చెప్పింది. నాలుగు రోజులు ఏమీ జరగలేదు. అక్కా నేనూ ఒకే గదిలో, లైటు ఆర్పకుండా పడుకున్నాం.

ఐదో రోజు మధ్యాహ్నం షాపులో ఒక అద్దం అంచు అరగదీస్తుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. మిషను ఆపి ఎత్తాను. పెద్దమనిషి గొంతు, కాస్త సిగ్గుపడుతున్నట్టు.

“కోడీ, నేనమ్మా, దళపతిని. మా ఇల్లు ఎలా కనుక్కున్నావో గానీ, వచ్చినందుకు చాలా సంతోషం. బడి నుంచి బయల్దేరాను, అరగంటలో అక్కడుంటా. నువ్వొచ్చావని మా అమ్మ ఇందాకే ఫోన్లో చెప్పింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు... ఒకసారి ఫోన్ అమ్మకివ్వు.”