మూడు రాళ్ల పొయ్యి

మెట్ల మీద పెట్టిన టమాటల సంచి మాయమైంది. సౌందర్యకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు ఎల్‌బీ నగర్‌లో వంటావార్పు. తెలంగాణ కావాలంటూ కాలనీ అంతా రోడ్డు మీదికొచ్చి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. ఇంటికో సరుకు తేవాలి. సౌందర్య వాళ్ల వంతు టమాటలు. నేనే తెస్తానని గంతులేసి మరీ సంచి అందుకుంది. చెప్పుల కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి ఇంత పని జరిగింది.

అప్పుడు మెట్ల మీద ఉన్నది సూర్యప్రభ ఒక్కతే. పై అంతస్తులో ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. అయినా కోపానికి కళ్లుండవు కదా! సౌందర్య పిల్లలందరినీ వెంటేసుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడి, సంచి నువ్వే తీశావని కేకలేసింది. సూర్యప్రభ తలుపు వేసుకుంది.

రోడ్డు మీద నానమ్మ అండాలమ్మ పొయ్యికి రాళ్లు పేరుస్తోంది. ఒక్కో రాయినీ కదిపి చూస్తే గానీ ఆవిడ వంట గంజు ఎక్కించదు. సౌందర్య జరిగిందంతా ఏకరువు పెట్టింది.

"ఆ పిల్లనే తీసిందని ఎట్ల తెలుసు?"

"మెట్ల మీద తనే ఉండె. నన్ను చూసి తలుపేసుకున్నది. ఆంధ్రోళ్లకు మన వంటావార్పు ఇష్టముండదు."

"మూడు కారణాలు చెప్పినవ్, పొయ్యికి మూడు రాళ్లు పెట్టినట్టే. జర కదిపి చూద్దాం. తలుపేసుకున్నది నువ్వు అరవకముందా, అరిచినంకనా?"

సౌందర్య గొంతు తగ్గింది. "అరిచినంకనే."

"ఇష్టం లేదని ఎన్నడన్న అన్నదా?"

అనలేదు. నిజానికి మొన్న తనూ రావచ్చా అని అడిగింది.

నానమ్మ రెండు రాళ్లు పక్కకు జరిపింది. మిగిలిన ఒక్కదాని మీద ఖాళీ గంజు పెట్టబోతే ఒరిగిపోయింది. "మెట్ల మీద ఉన్నదంటవా? ఇల్లే అక్కడాయె, ఇంకెక్కడుంటది బిడ్డా?"

సౌందర్యకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పరుగున మెట్లెక్కి తలుపు తట్టింది. తలుపు తీసిన సూర్యప్రభ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదే," అంది సౌందర్య. "తినడానికి ఒస్తవా?"

"మేమొస్తే ఎవరూ ఏమీ అనరా?"

సౌందర్య ఆమె చెయ్యి పట్టుకుని కిందికి నడిచింది.

కింద పిల్లలంతా ఇద్దరినీ వింతగా చూశారు. ఇందాక ఆ కేకలు విన్నది వాళ్లే. అందుకే సౌందర్య అంతే గట్టిగా చెప్పింది. "సంచి సూర్యప్రభ తీయలేదు. నేను ఉత్తగనే అన్న."

"మరెవలు తీసిన్రు?" పక్కింటి జగన్ వదల్లేదు.

ఇంకో పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మొన్న తన బంతి దాచింది ఈ జగనే. ఇందాక ఎక్కడున్నాడో ఏమో! సౌందర్య ఆ మాట మింగేసింది.

"నాకు తెల్వది," అంది.

ఆ మధ్యాహ్నం పప్పులో టమాటలు లేవు. నానమ్మ చింతపండు పిండింది. పుల్లపుల్లటి ఆ పప్పన్నం ఇద్దరూ ఒకే ప్లేటులో కలుపుకుని తిన్నారు.