కోడలు అమ్మేసిన షేర్లు

ఉదయం ఎనిమిదయ్యేసరికి ఆ ఇంట్లో భోజనాల బల్ల సగం పెద్దాయనది. అటు సగంలో ఎవరైనా కాఫీ తాగొచ్చు, కూరలు తరుక్కోవచ్చు. ఇటు సగంలో ఉన్న రూళ్ల పుస్తకాన్ని, కళ్లద్దాల పెట్టెని, రెండు రంగుల పెన్నుల్ని మాత్రం ఎవరూ కదపకూడదు. ఆయన వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాడు. రోజూ ఒకే వేళకు గాలి వేగం, తేమ, పాదరసం మట్టం చూసి రాయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకోలేదు. నెల తిరక్కుండానే షేర్ల ధరలు రాయడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఆ పుస్తకం గురించి అడిగిన మనిషి ఒక్కతే, కోడలు. కాపురానికి వచ్చిన మూడో నెలలో, ఇందులో రోజూ ఏం రాస్తారు మావయ్యా అని అడిగింది. భార్య ఏనాడూ అడగలేదు. కొడుక్కి లెక్కలంటేనే ఆవలింతలు. అందుకని ఆ ప్రశ్న పెద్దాయనకి వరంలా అనిపించింది. కంపెనీకి అప్పులెన్ని, లాభంలో చేతికొచ్చే డబ్బెంత, నడిపేవాళ్లు నిజం చెబుతారా దాచుతారా, అన్నీ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఆ పిల్ల కూడా చురుకైనదే. తండ్రి వదిలివెళ్లిన మోటార్ల మరమ్మతు షాపు నడుపుతుంది. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి మళ్లీ తిప్పుతుంది. షాపు తెరిచేది తొమ్మిదిన్నరకి. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మావయ్య దగ్గర కూర్చునేది. ఏడేళ్లుగా అదే తంతు.

"ధర పడిందనగానే కంగారు పడకూడదమ్మా," అని ఆయన మొదటి వారంలోనే చెప్పాడు. "ముందు ఒక్కటి అడుక్కో. ఊరంతా వాన పడుతోందా, మన ఇంటి కప్పే కారుతోందా?"

ఆయన దగ్గర పన్నెండు కంపెనీల షేర్లున్నాయి. అన్నిట్లోకీ ముద్దుబిడ్డ పంపుల కంపెనీ. తొమ్మిదేళ్ల కిందట ఎవరూ తొంగిచూడని రోజుల్లో కొన్నాడు. అయిదు రెట్లయింది. అందులో కొంత అమ్మితేనే భార్య రెండు మోకాళ్లకూ ఆపరేషన్ జరిగింది. ఒకసారి వాటాదార్ల సమావేశానికి పనిగట్టుకుని వెళ్లి, కంపెనీ అప్పుల గురించి లేచి అడిగాడు. అప్పటి ముసలి ఛైర్మన్ సమావేశం అయ్యాక ఈయన్ని వెతుక్కుంటూ వచ్చి వివరంగా చెప్పడమే కాక, తర్వాత తన చేత్తో ఉత్తరం కూడా రాశాడు. ఇంటికెవరొచ్చినా ఆ ఉత్తరం బయటికి వస్తుంది. మా పెళ్లి ఫొటో ఎక్కడుందో ఈయనకి తెలీదు గానీ ఆ ఉత్తరం మాత్రం కళ్లు మూసుకుని తీస్తారని భార్య నవ్వేది.

ఆ ముసలాయన పోయి మూడేళ్లయింది. ఈ మధ్య షేరు ధర జారుతూ వస్తోంది. పెద్దాయన బెంగపడలేదు. మార్కెట్టే బాగాలేదు, మంచి సరుకు చవగ్గా దొరుకుతున్నప్పుడే కొనుక్కోవాలన్నాడు. శుక్రవారానికి ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరుతుంది. అదంతా ఇందులోనే పెట్టాలని మనసులో నిశ్చయించేసుకున్నాడు.

మంగళవారంనాడు కంపెనీ వార్షిక నివేదిక పోస్టులో వచ్చింది. ఏటా రెండు వస్తాయి, ఒకటి ఆయన పేర, ఒకటి కోడలి పేర. ఇద్దరూ చెరోటి పట్టుకుని పోటీపడి చదువుతారు. ఈసారి ఒకటే వచ్చింది. పోస్టువాళ్లు ఎక్కడో పారేసి ఉంటారని ఆయనకి కోపం వచ్చింది. బుధవారం పొద్దున్నే కోడలి తరఫున కంపెనీకి ఒక ఫిర్యాదు ఉత్తరం రాసి, సంతకం పెట్టమని కాఫీ పక్కన ఉంచాడు.

కోడలు అది చదివింది. కప్పు కింద పెట్టింది. పెన్ను మాత్రం తీసుకోలేదు.

"తప్పు వాళ్లది కాదు మావయ్యా. నా దగ్గర ఆ షేర్లు లేవు. నాలుగు నెలల కిందట అమ్మేశాను."

హాల్లో బూట్లు తొడుక్కుంటున్న కొడుకు తలెత్తాడు. పెద్దాయనకి ఒక్క క్షణం మాట అర్థం కానట్టే ఉంది. ఎన్ని అమ్మావని అడిగాడు. అన్నీ అంది.

"కొనేటప్పుడు నన్ను అడిగి కొన్నావు. అమ్మేటప్పుడు చెప్పాలనిపించలేదా?"

ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. చెప్పకపోలేదు, మూడుసార్లు చెప్పింది. ఆ కంపెనీ కొత్త పంపులు తరచూ కాలిపోయి షాపుకొస్తున్నాయని, లోపల తీగ మారిందని. ఆయనకీ గుర్తుంది. అప్పుడేమన్నాడో కూడా గుర్తుంది. ఇప్పుడూ అదే మాట అన్నాడు, కాకపోతే ఈసారి నవ్వుతూ కాదు.

"నీ బల్ల మీదికి వచ్చేవన్నీ చెడిపోయినవే కదమ్మా. ఆసుపత్రిలో కూర్చున్నవాళ్లకి లోకమంతా రోగులే కనిపిస్తారు. కంపెనీ లక్షల పంపులు అమ్ముతుంది. నీ షాపుకొచ్చేవి ఎన్ని?"

"మార్కెట్ మొత్తం ఎంత పడింది మావయ్యా? వందకి ఎనిమిది. ఈ షేరు ముప్ఫై పడింది. కప్పు కారడమంటే ఏమిటో మీరే నేర్పారు."

అది నిజం. నిజం కనకే ఆయనకి ఎక్కడో చురుక్కుమంది. ఏడేళ్లలో ఎప్పుడూ అనని మాట నోరుజారింది.

"మోటారు విప్పడం వేరు, కంపెనీని చదవడం వేరు. రెండూ ఒకటనుకోకు."

కోడలు లేచింది. కప్పులు రెండూ తీసుకెళ్లి కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకుని, వెళ్లొస్తానని అత్తగారికి చెప్పి వెళ్లిపోయింది. వెళ్లొస్తానని మావయ్యకి చెప్పకుండా ఆమె గడప దాటడం అదే మొదలు. కొడుకు తండ్రిని ఏదో అనబోయి, తల్లి కళ్లతోనే వారిస్తే, ఊరుకుని ఆఫీసుకి వెళ్లాడు.

ఆయన పుస్తకం తెరిచాడు. మార్కెట్ మొదలైంది, ధరలు కదులుతున్నాయి, ఒక్కటీ రాయబుద్ధి కాలేదు. పంపు స్విచ్ వేసి వచ్చిన భార్య ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఈ బల్ల దగ్గర ఆ సమయంలో కూర్చోవడం అరుదు.

"మీకొకటి చెప్పాలి. మన నీళ్ల పంపు ఉందిగా, మీరు పట్టుబట్టి ఆ కంపెనీదే కొనిపించారు. అది కాలిపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు."

ఆయన నమ్మలేదు. పంపు పెట్టి ఇంకా రెండేళ్లు కాలేదు, రోజూ ట్యాంకు నిండుతూనే ఉంది.

"నిండుతోంది, కోడలు మళ్లీ తీగ చుడుతోంది కాబట్టి. మీరు పొద్దున నడకకి వెళ్లొచ్చేలోపు విప్పి తీసుకెళ్లేది, సాయంత్రం నడకకి వెళ్లాక తెచ్చి బిగించేది. మీకు చెప్పొద్దంది."

"ఎందుకు చెప్పొద్దంది?"

"ఆ కంపెనీ పేరెత్తితే మీ మొహం వెలిగిపోతుందట. దాన్ని చూస్తూ చెప్పలేనంది."

పెద్దాయన పుస్తకం మూసేశాడు. తర్వాత, ఎవరికీ చెప్పని సంగతి ఆయనా బయటపెట్టాడు. కోడలి షాపు చాలా ఇరుకు. పక్క షాపు అమ్మకానికి వచ్చింది. యజమానిని కలిసి ధర కూడా అడిగొచ్చాడు. డిపాజిట్ డబ్బు సరిపోదు. షేరు అడుగున ఉన్నప్పుడు కొని, ఏడాదిలో అది పైకి లేచాక అమ్మి, ఆ షాపు కొని తాళాలు దాని చేతిలో పెడదామనుకున్నాడు.

భార్య విని నిట్టూర్చింది.

"దాని కోసం, దాని మాటే కాదని కొంటున్నారన్నమాట."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆయన ఇంకో పావుగంట అలాగే కూర్చున్నాడు. తర్వాత చొక్కా మార్చుకుని, ఆ ఒక్క నివేదికనీ చంకన పెట్టుకుని బయల్దేరాడు.

షాపు ఇంటికి నాలుగు వీధుల అవతల. ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాడు గానీ ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వచ్చేసేవాడు. లోపల కాలు పెట్టడం ఇదే మొదటిసారి. వార్నిష్ వాసన, గోడకి సైజుల వారీగా వేలాడుతున్న తీగ చుట్టలు, నేల మీద వరసగా మోటార్లు, ఒక్కొక్కదానికి చీటీ. కోడలు బల్ల ముందు వంగి, చిన్న చెక్కబద్దతో తీగని గాడిలోకి నొక్కుతోంది. నీడ పడగానే తలెత్తి, కంగారుగా లేచింది.

"అత్తయ్యకేమైనా..."

"ఏం లేదమ్మా. నాకొకసారి చూపించు. నువ్వు చూసిందేమిటో నేనూ చూస్తాను."

ఆమె స్టూలు తుడిచి వేసింది. అల్మరా అడుగు నుంచి రెండు మోటార్ల లోపలి భాగాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. రెండూ ఆ కంపెనీవే. ఒకటి పదకొండేళ్ల కిందటిది, ఒకటి నిరుటిది. చూపుకి రెండిట్లోనూ తీగ ఎర్రగానే ఉంది. ఎత్తి చూడమంది. పాతది రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. కొత్తది ఒంటిచేత్తో లేచింది. తర్వాత చిన్న బ్లేడు ఇచ్చి తీగని గీకమంది. పాత తీగ గీకితే లోపల ఇంకా ఎర్రగా, మెరుస్తూ రాగి. కొత్త తీగ గీకితే తెల్లగా బయటపడింది.

"అల్యూమినియం. పైన రంగు పూత. అదేమీ దొంగ సరుకు కాదు, కొందరు పద్ధతిగానే వాడతారు. దానికి తగ్గట్టు లావు తీగ వెయ్యాలి. వీళ్లు తీగ మార్చారు గానీ లావు పెంచలేదు. వేడెక్కిపోతోంది."

పెద్దాయన ఆ తెల్లటి గీత మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు. కోడలు డ్రాయరు లాగి ఒక నోటుపుస్తకం తీసింది. నాలుగేళ్ల బిల్లు పుస్తకాలు తిరగేసి రాసిందట. ఏ పంపు ఎప్పుడు కొన్నది, ఎప్పుడు కాలింది.

"ఆసుపత్రి మాట మీరు మొదటిసారి అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు మావయ్యా. షాపుకెళ్లినా అదే ఆలోచన. తర్వాత తట్టింది. వచ్చేవాళ్లంతా రోగులే, నిజమే. కానీ ఎనభై ఏళ్లవాళ్లు రావడం వేరు, ఇరవై ఏళ్లవాళ్లు రావడం వేరు కదా."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మొదటి పేజీల్లో ఆ కంపెనీ పంపులు తొమ్మిదేళ్లకి, పదేళ్లకి కాలి వచ్చాయి. చివరి పేజీల్లో పద్నాలుగు నెలలు, పదిహేడు నెలలు, పదమూడు నెలలు. వేరే కంపెనీలవి ఎప్పటిలాగే ఉన్నాయి. తేదీలన్నీ ఒకే వరసలో, కొట్టివేతలు లేకుండా. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లెవరూ ఇంత శుభ్రంగా రాయలేదు.

చంకలోని నివేదిక తీసి ఆమెకిచ్చాడు. వారంటీ కింద మార్చి ఇచ్చిన వాటి ఖర్చు ఎక్కడుందో వెతకమన్నాడు. చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో దొరికింది. రెండేళ్లలో మూడింతలు. నిన్నంతా ఆ నివేదిక ఆయన చేతిలోనే ఉంది. కొత్త ఛైర్మన్ రాసిన తియ్యటి మాటలు రెండు పేజీలు చదివి, తృప్తిగా మూసేశాడు.

"ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక్కటే చెప్పానమ్మా అందరికీ. ముల్లు ఎక్కడుంటే అది రాయండి, ఎక్కడుండాలని మీకుందో అది కాదు అని." "నేను కంపెనీని చూడ్డం ఎప్పుడో మానేశాను. పోయిన ఆ ముసలాయన్ని చూస్తున్నాను. పొద్దున నిన్నన్న మాట..."

"వదిలెయ్యండి మావయ్యా."

"వదలను. తప్పు మాట అది. మోటారు విప్పే కంపెనీని చదివావు నువ్వు. నేనేమో చదవడం వచ్చనుకుంటూ కూర్చున్నాను."

ఆమె కళ్లు నిండాయి. చేతులకి గ్రీజు ఉండడంతో మోచేత్తో తుడుచుకుంది. పక్క షాపు సంగతి ఆయన అప్పుడు చెప్పాడు. ఆమె తలవంచుకుని విని, తనకి షాపు పెంచాలని ఉందనీ, కానీ అది షేర్ల మీద పందెం కట్టి కాదనీ, బ్యాంకులో అడిగి, తన సంపాదనతో మెల్లగా కొనుక్కుంటాననీ అంది. మరి నన్నేం చెయ్యమంటావని ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు. ఆ యజమానితో బేరమాడి పెట్టండి, మీరైతే మొహమాటం లేకుండా ఆడతారు అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

గురువారం ఉదయం మార్కెట్ తెరవగానే ఆయన పంపుల కంపెనీ షేర్లన్నీ అమ్మేశాడు. శుక్రవారం డిపాజిట్ డబ్బు బ్యాంకులోనే మళ్లీ వేశాడు. విచిత్రమేమిటంటే ఆ తర్వాత మూడు వారాలు షేరు పెరిగింది. కొడుకు రోజూ రాత్రి భోజనాల దగ్గర ధర చదివి వినిపించి ఆటపట్టించాడు. ఆయన చలించలేదు. అమ్మింది ధర చూసి కాదు, తీగ చూసి అన్నాడు. నాలుగో నెలలో కంపెనీ లాభాలు సగానికి పడ్డాయని ప్రకటన వచ్చింది, షేరు ఒక్కరోజులో కుప్పకూలింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సంబరపడలేదు. అందులో పనిచేసేవాళ్ల గతేమిటని పెద్దాయన మాత్రం కాసేపు బాధపడ్డాడు.

పక్క షాపు బేరం తెగిన సాయంత్రం ఆయన, కోడలు నడుచుకుంటూ ఇంటికి వస్తున్నారు. దార్లో ఆయన ఆగాడు.

"ఒక్క మాటివ్వమ్మా. ఇకమీద నేను పొరబాటు పడుతుంటే నా మొహం చూడకు. సూటిగా చెప్పెయ్."

ఆమె ఆయన చేతిలోని సంచీ అందుకుంది.

"చూడకుండా ఎలా మావయ్యా? చూస్తూనే చెప్తాను. మీరు వినేదాకా అక్కడే కూర్చుంటాను."

ఆయన తలూపాడు. రోడ్డు దాటేటప్పుడు కోడలి మోచెయ్యి పట్టుకున్నాడు, ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.