పన్నెండింటి దాకా ఎవరూ నోరెత్తకూడదు

చీఫ్ కూర్చోమని కూడా అనకుండా విషయంలోకి దిగాడంటే వ్యవహారం చెడిందని అర్థం.

"కాల్పుల విరమణ ముసాయిదా మనమే రాశాం. మండలిలోని సభ్యదేశాలన్నిటికీ పంపాం. ఇవాళ మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ నోరెత్తకపోతే ఆమోదించినట్టే. ఒక్క దేశం అభ్యంతరమని మెయిల్ కొట్టిందా, మళ్లీ యుద్ధమే."

"ఎవరు కొడతారు సార్?"

"మనమే."

ఏజెంట్ తెల్లబోయాడు. అతన్ని డిపార్ట్‌మెంట్‌లో ఉడుము అంటారు. పట్టుకుంటే వదలడని ఆ పేరు.

"ఆయుధాల ముఠా ఒకటి మన రాయబారి అకౌంట్లోంచే అభ్యంతరం పంపబోతోంది. రాసినవాళ్లే కాదంటే ఇక మన మొహం ఎవడు చూస్తాడు? పెద్ద దేశాలు రెండూ మనల్ని గోడ మీద పిల్లి అంటున్నాయి. అననీ. చివరికి ఇద్దరూ మాట్లాడేది ఆ పిల్లితోనే. వెళ్లు. లోపల కాటుక అనే మన మనిషి ఉంటుంది."

ఉడుము ఏసీ మెకానిక్ వేషంలో రాయబార కార్యాలయం మెట్లెక్కాడు. భుజాన సంచి, అందులో గ్యాస్ గేజ్ ఆకారంలో సిగ్నల్ జామర్.

రాయబారి గది తలుపు తీసింది కాటుక. అక్కడ ప్రోటోకాల్ ఆఫీసర్. ఆ కళ్లు చూసి మంత్రులు ఉపన్యాసాలు మర్చిపోయారని చెప్పుకుంటారు.

"గ్యాస్ అయిపోయిందా?" కోడ్ అడిగింది.

"లేదమ్మా, కంప్రెసర్ పోయింది."

లోపలికి రానిచ్చి గడియ వేసింది. రాయబారి సోఫాలో నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. పక్కన సగం తాగిన కాఫీ. స్క్రీన్ మీద అభ్యంతరం మెయిల్ సిద్ధంగా ఉంది. గోడ గడియారంలో పన్నెండుకి రెండే నిమిషాలు. ఓరి దేవుడా, మన మనిషే! ఉడుము జామర్ నొక్కాడు.

"దండగ. ఇది కేబుల్ కనెక్షన్," అంటూ ఆమె మౌస్ అందుకుంది. "ముందే పంపితే మీవాళ్లు సర్దిచెప్పుకుంటారు. అందుకే ఆఖరి నిమిషం దాకా ఆగాను."

అతను ఒక్క ఉరుకున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అయితే నువ్వే నొక్కు," అంది మెల్లగా. "మీ తమ్ముడు శాంతి సేనలో ఉన్నాడుగా? వచ్చేవారం ఇంటికి రావాలిగా? ఆఖరి పేరా సంగతి మీ చీఫ్ చెప్పాడా? ఇది పాసైతే మీ సైనికులు ఇంకో ఏడాది కొట్టుకుంటున్న ఆ రెండు సైన్యాల మధ్యే నిలబడాలి. పాసవకపోతే రేపే వెనక్కి."

చీఫ్ చెప్పలేదు. మొన్ననే అక్కడ ఇద్దరు శాంతి సైనికులు పోయారు. తమ్ముడు బతకాలి, ఇంటికి రావాలి. ఈ లోకంలో అతనికి ఇంకేమీ వద్దనిపించింది. పట్టు సడలింది.

ఆమె వేలు కదిలింది.

పోయిన ఆదివారం తమ్ముడు ఫోన్లో అన్న మాట చెవిలో మోగింది. "మేం లేచొస్తే సాయంత్రానికి ఈ ఊళ్లుండవు అన్నయ్యా."

వెధవ, వాడికే లేని భయం నాకెందుకని తమ్ముణ్ణి నోరారా తిట్టుకుంటూ, ఉడుము కాలితో కేబుల్‌ని గోడలోంచి పీకేశాడు. మెయిల్ వెళ్లలేదని స్క్రీన్ మీద పడింది. గడియారం పన్నెండు దాటింది. అదే కేబుల్‌తో కాటుక చేతులు కట్టి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"శభాష్!"

"మా తమ్ముడి సంగతి ముందే చెప్పలేదేం సార్?"

"చెప్తే వెళ్లేవాడివా?"

ఏమో. ఆ ఏమో అన్నదే అతన్ని భయపెట్టింది.

"వాడు రావట్లేదని మా అమ్మకి ఎవరు చెప్తారు సార్?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"అంత ధైర్యమున్న ఏజెంటు మన దగ్గర ఎవడూ లేడయ్యా."