తొక్కకూడని బ్రేక్

...అయినా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికేనా గూఢచారి డిపార్ట్‌మెంట్ తనకు తుపాకీ పేల్చడం నేర్పింది? కారు స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. చూస్తుంటే, తన కంచం ముందు ఇంకెవరో కూర్చుని తింటున్నట్టుంది అతనికి.

మారువేషం బాగానే కుదిరింది. నెరిసిన మీసం, మందపాటి కళ్లద్దాలు, వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్. ఉద్యోగం టెస్ట్ డ్రైవర్. చేయాల్సిన పని, డ్రైవ్ చేయకపోవడం. కారు తప్పు చేస్తేనే బ్రేక్ తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ కంపెనీ దాన్ని కారు ఓటమిగా రాసుకుంటుంది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో "నీ కాలికి దురదేమిట్రా?" అని తోటి డ్రైవర్లు ఏడిపిస్తారు. అలా అలా అందరి కాళ్లూ మొద్దుబారిపోయాయి. తనదీ అంతే.

బ్రీఫింగ్ చిన్నది. మిగతా కంపెనీలు స్టీరింగే లేని కారును ఒక్క గెంతులో తెస్తామంటుంటే, ఇక్కడి చీఫ్ డిజైనర్ ఒక్కో మెట్టే ఎక్కాలంటాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడల్లా కారుకు అడ్డంగా ముందు తనే నడుస్తాడు. తను నడవలేని కారును జనం మీదికి వదలనంటాడు. ఆ నడకలోనే ఆయన్ని చంపి, ప్రమాదంగా చూపించి, ప్రాజెక్టును కాజేయాలని ఒక విదేశీ ముఠా ప్లాన్.

గుట్టు లాగడానికి ముఠాలో చేరిన మన ఏజెంట్ పక్క సీట్లోనే ఉంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న అందమైన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. కోడ్ నేమ్ నెమలి. కారులో పెట్టమని ముఠా ఇచ్చిన కోడ్‌ను తీసేశానని నిన్న రిపోర్ట్ ఇచ్చింది. డిపార్ట్‌మెంట్ చీఫ్ నమ్మాడు. అతను నమ్మలేదు, ఎందుకని అడిగితే నీళ్లు నమిలాడు. అనుమానం ఆమె మీదో, ఆమె నవ్వితే కరిగిపోయే తన మీదో, అతనికే తెలియలేదు.

టెస్ట్ ట్రాక్ చివర పెద్దాయన రోడ్డు మీదికి దిగాడు. నారింజ రంగు కోటు, వెనక్కి కట్టుకున్న చేతులు, భోంచేసి పెరట్లో తిరుగుతున్నట్టు నడక.

కారు చూసిన ప్రతిదాని చుట్టూ స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పడుతుంది. ప్లాస్టిక్ కోన్ చుట్టూ పడింది. గట్టు మీది కాకి చుట్టూ కూడా పడింది. పెద్దాయన చుట్టూ పడలేదు.

"గీత లేదు," అన్నాడు.

"స్క్రీన్ కాస్త లేటు లెండి. కారు చూసేసింది, ఆలోచిస్తోంది," అంది నెమలి, తల ఎత్తకుండా.

చెవిలో చీఫ్ గొంతు. "ముట్టుకోకు. గ్యాలరీలో ముఠా మనుషులున్నారు. ఇవాళే తొక్కావంటే నువ్వెవరో తెలిసిపోతుంది. ఇన్నాళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే."

పక్క నుంచి ఒకరు, చెవిలోంచి ఒకరు, ఇద్దరూ వద్దనే. కారు వేగం తగ్గడం లేదు. కాలు పెడల్ మీదే ఉంది, అరువు తెచ్చుకున్న కాలులా, ఎవరో ఒకరు సరేనంటారని చూస్తూ. అతనికి ఆ కాలి మీదే ఒళ్లు మండింది.

తొక్కాడు.

టైర్లు కీచుమన్నాయి. బానెట్ నారింజ కోటును రాసుకుని ఆగింది. పెద్దాయన అక్కడే నిలబడి, బానెట్ మీద చేత్తో కొట్టాడు. "అదే ఆగేది కదయ్యా. పరువు తీశావు."

స్క్రీన్ మీద ఇంకా 'దారి ఖాళీ' అనే ఉంది.

"సార్, ఆయన కారు ముందే నిలబడ్డారు," అన్నాడు అతను రిసీవర్‌లో చీఫ్‌తో. "కారుకి మాత్రం దారి ఖాళీగా కనిపిస్తోంది."

నెమలి లాప్‌టాప్ మూసి డోర్ హ్యాండిల్ పట్టుకుంది. అతను లాక్ నొక్కాడు, ఎవరినీ అడక్కుండానే.

"తెరవండి," అంది.

"ఆగండి మేడమ్," అన్నాడు. "కారు ఆలోచిస్తోంది."