చప్పుడు లేని చక్రాలు

అరకు కొండల మీద వాతావరణం లెక్కలు చెప్పే గణపతిరావు శవం సోమవారం లోయలో దొరికింది. కాలు జారి పడ్డాడని రాసుకున్నారు. పదేళ్లుగా ఆ కొండలెక్కి దిగిన మనిషికి ఆ ఒక్కరోజే కాలెలా జారిందని ఎవరూ అడగలేదు.

ఢిల్లీలో గూఢచారి సంస్థ చీఫ్ ఒక్కడే అడిగాడు.

"దేవీప్రసాద్, బుధవారం పొద్దున అక్కడ టెస్ట్ ఫ్లైట్. దిగేటప్పుడు చక్రాలు గాలిని కోసే రొద తగ్గించడానికి మనవాళ్లు ల్యాండింగ్ గేర్‌కి కొత్త తొడుగులు చేశారు. ఆ డిజైన్ కోసం ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. పైలట్ వింగ్ కమాండర్ వరహాలరావు. మనిషీ విమానమూ క్షేమంగా రావాలి."

ఫారెస్ట్ గార్డు వేషంలో దేవీప్రసాద్ కొండెక్కాడు. 2001 మార్చి. లోయ నిండా మంచు. కాఫీ తోట అంచున నేల మీద వరసగా మైకులు పరిచి ఉన్నాయి. రేడియో దగ్గర నల్లకళ్లద్దాల నీలవేణి, సౌండ్ ఇంజనీర్. గణపతిరావు పోయాక గాలి పీడనం అంకెను పైలట్‌కి చెప్పే పని కూడా ఆమెదే అయింది. ఆ అంకెను బట్టే విమానంలో ఎత్తు చూపే ముల్లు కదులుతుంది.

"వెయ్యిన్ని పంతొమ్మిది. ఓవర్," అంది.

దేవీప్రసాద్ చేతి గడియారం చూసుకున్నాడు. అందులో బారోమీటర్ ఉంది. అతని లెక్కకు వెయ్యిన్ని తొమ్మిదే వచ్చింది. పది ఎక్కువ చెబితే విమానం మూడు వందల అడుగులు కిందుగా వస్తుంది. పైనున్న గట్టేమో మంచులో మునిగి ఉంది.

అతను రేడియో అందుకునేలోపే ఆమె దాన్ని రాతికేసి కొట్టింది.

"నాలుగు నిమిషాలు. శకలాలు ఏరడానికి మావాళ్లు లోయలో ఉన్నారు. ఇంజన్లు తగ్గించి వస్తున్నాడు, చప్పుడు కూడా వినబడదు. తొడుగులు అంత బాగా చేశారు మీవాళ్లు."

ఆమె చేతిని జీపు బంపర్‌కి బేడీతో తగిలించి అతను గట్టు మీదికి పరుగెత్తాడు. పోడు కోసం కొట్టిన కంప అక్కడ కుప్పలుగా ఎండి ఉంది. పక్కనే గాసి అనే గిరిజన రైతు చుట్ట కాలుస్తున్నాడు.

"ఆ కంప అంటించు. బేగి."

గాసి చుట్ట వెనక్కి దాచాడు. "కంప మాది కాదు బాబూ. నానేటీ కొట్నేదు. నిరుడే కేసెట్టినారు. ఈ ఏడు జైలంతన్నారు."

మారువేషం మరీ బాగా కుదిరిపోయింది. దేవీప్రసాద్ జేబులోంచి లైటర్ తీసి నొక్కాడు. క్లిక్‌మంది. అది కెమెరా. ఆకాశంలో ఏమీ వినిపించడం లేదు. అతనికి నిజంగా భయం వేసింది.

టోపీ, ఖాకీ చొక్కా తీసి కంప మీద పడేశాడు. "నేను గార్డుని కాదు. ఒక విమానం ఈ గట్టుని గుద్దబోతోంది. అందులో మనిషున్నాడు. పొగ కనిపిస్తే తప్పుకుంటాడు."

గాసి అతని మొహంలోకి చూశాడు.

"అమ్మోరికి కోడి కొయ్యకుండా పోడు కాల్సకూడదు," అని గొణిగి, "మనిసి పోతాడంటే మరేటి సేత్తాం," అంటూ చుట్టని కంపలోకి దూర్చి ఊదాడు.

మంట లేచింది. నల్లటి పొగ మంచును దాటి పైకి పోయింది. ఆ పొగకేసి ఒక పెద్ద నీడ చప్పుడు లేకుండా వచ్చింది. ఆఖరి క్షణంలో ముక్కు పైకెత్తింది. అప్పుడు గర్జించాయి ఇంజన్లు. చక్రాలు వాళ్ల తలల మీదుగా వెళ్లిపోయాయి. గాసి నేలకు కరుచుకుపోయాడు. దేవీప్రసాద్ కూడా.

మధ్యాహ్నానికి లోయలో ముఠా దొరికింది. సాయంత్రం అసలు ఫారెస్ట్ గార్డు వచ్చి, కాలిన గట్టు చూసి, కేసు పుస్తకం తెరిచాడు. గాసి మొహం పాలిపోయింది.

"నేనే కాల్చాను. నా మీద రాసుకోండి," అన్నాడు దేవీప్రసాద్.

"పేరు?"

ఆ ఏడాది అతనికి ఏడు పేర్లున్నాయి. ఒక్కటీ కోర్టుకు పనికిరాదు. కాసేపు ఆలోచించి చీఫ్ పేరు చెప్పాడు.